ముగ్గు గీత తెగిపోతోందే!

ఒసేయ్ పద్మా,

అక్షరాలు కోడి కెలికినట్టున్నాయని నవ్వకు. పెన్ను వేళ్ల మధ్యే ఉందా అని మధ్యమధ్యలో చూసుకుంటూ రాస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే మీ కోడలి సంగతులతోనే గంట గడిచిపోతుంది.

మణికట్టు దగ్గర నలిగిన నరానికి ఆపరేషనై నాలుగు నెలలైంది. తగ్గిందా అని అడిగితే ఏం చెప్పాలో తెలీట్లేదు. రాత్రి రెండింటికి లేచి చెయ్యి విదిలించుకుంటూ హాల్లో తిరిగేదాన్నా, ఆ బాధ ఆపరేషనైన రాత్రే పోయింది. రెండేళ్ల తర్వాత తెల్లారేదాకా కదలకుండా పడుకుంటే మీ అన్నయ్యే కంగారుపడి లేపారు. మొద్దు మాత్రం వదల్లేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం. చిటికెన వేలు మహారాణిలా ఉంది, దాని నరం వేరట.

ధనుర్మాసం కదా, మొన్న వాకిట్లో ముగ్గు వెయ్యబోయాను. వేళ్ల మధ్య పిండి ఎంతుందో తెలిస్తేగా! ఒకచోట కుప్పగా పడింది, ఒకచోట అసలు పడనే లేదు. చిన్నప్పట్నుంచి చూడకుండా వేసే మెలికల ముగ్గు రెండో మెలికకే తెగింది. చీపురుతో తుడిచేసి లోపలికొచ్చేశాను. ఇంకో రోజు వేడన్నంలో పప్పు కలుపుతుంటే వేలి కొస ఎర్రగా కమిలింది, కాలినట్టే తెలీలేదు. ఇప్పుడు ముందు చిటికెన వేలితో ముట్టి చూసుకుని కలుపుకుంటున్నాను.

మా ఆడపడుచు "ఆపరేషన్ ఫెయిలైంది వదినా" అని తేల్చేసింది. టెన్షన్‌తో డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. మణికట్టు దగ్గర ఇరుకు సందులోంచి వేళ్లని కదిపే తాళ్లలాంటివి తొమ్మిది, వాటితోపాటు ఈ నరమూ వెళ్తాయట. పైనున్న గట్టి పట్టీని కోసి నరానికి చోటిచ్చారు, వాళ్ల పని అంతే. నలిగిన నరం తనంతట తనే కోలుకోవాలి. కొత్తగా పెరగాల్సి వస్తే రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరు! ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిచాను. మణికట్టు నుంచి మధ్యవేలి కొసదాకా 18 సెంటీమీటర్లు. అంటే ఆరు నెలలు. నాకేమో షుగర్ కూడానాయె, ఇంకా ఆలస్యమవ్వచ్చట. ఈ ముక్క ముందే చెప్పుంటే ఇంత బెంగ ఉండేదా? అడిగితే కాగితం మీద ఉందిగా, సంతకం పెట్టారుగా అన్నారు. ఆ చీమతలకాయంత అక్షరాలు నువ్వైతే చదువుతావా?

అరచేతి మొదట్లో, మచ్చకి రెండు పక్కలా ఇంకా నొప్పే. అది మామూలేనట, నెలల మీద తగ్గుతుందట. అందాకా చపాతీ కర్ర మీ అన్నయ్య చేతిలో ఉంది. పిండి పీట మీదకన్నా నేల మీదే ఎక్కువ. బొటనవేలి కింద ఎత్తుగా ఉండే కండ మాత్రం గుంటపడింది, అది పూర్తిగా తిరిగి రాకపోవచ్చన్నారు. అదొక్కటీ విని ఏడుపొచ్చింది. మార్చిలో మళ్లీ నరం ఎలా పనిచేస్తోందో చూసే ఆ షాకుల టెస్టు. అప్పటికీ మార్పు లేకపోతే లోపల పట్టీ పూర్తిగా తెగిందా, మెడ దగ్గర కూడా నరం నొక్కుకుందా అని చూస్తారట.

అసలు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, నువ్వు మొన్న తెల్లారుజామున చెయ్యి జోముపట్టి లేచానన్నావు. బామ్ రాసుకున్నానన్నావు. నేనూ రెండేళ్లు అదే వెలగబెట్టాను! రెండు చేతుల వెనకవైపులూ ఒకదానికొకటి ఆనించి, వేళ్లు కిందికి వేలాడేలా ఒక నిమిషం ఉంచి చూడు. తిమ్మిరెక్కితే డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఎక్కకపోయినా వెళ్లు. ఈలోగా రాత్రిళ్లు మణికట్టు వంగకుండా పట్టీ పెట్టుకుని పడుకో.

నిన్న చూపుడువేలి మధ్య గణుపు దగ్గర చిమచిమలాడింది. అది నరం మేలుకోవడమో, నా ఆశో!

పండక్కి రా. కనుమ నాడు రథం ముగ్గు నువ్వు వెయ్యి. దాని తాడు పక్కింటి గుమ్మందాకా నేను లాగుతాను. తెగితే తెగనీ.

నీ
సుజాత