పసిపిల్లల చదువుకు ఆచార్యులు అక్కర్లేదా?

సంపాదకుల వారికి,

గతవారం మీ చెన్నై పేజీలో శిశువిద్య ఆచార్యురాలి పదవీ విరమణ సభ గురించి వచ్చిన వార్త చదివి, మర్నాడైనా సవరణ వేస్తారేమోనని చూసి, వేయకపోవడంతో ఈ లేఖ రాస్తున్నాను. శాలువా రంగు తెలిసింది, ముఖ్య అతిథి గారి పేరు మూడు చోట్ల కనిపించింది, ఆయన ఆలస్యంగా వచ్చినా సభికులను అలరించారనీ తెలిసింది. ఆవిడ ఇన్నేళ్లూ చేసిన పనిని మాత్రం చిన్నారులకు ఆటపాటలు నేర్పారన్న ఒక్క ముక్కతో సరిపెట్టారు. చిన్నారులకు నేర్పబోయే టీచర్లను తయారుచేయడం ఆవిడ పని అని మీ విలేకరికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఆవిడ విద్యార్థినులు టీచింగ్ ప్రాక్టీసుకు మా బడికే వచ్చేవారు కనుక ఆ పనిని దగ్గరగా చూశాను. ఒకసారి ఒక శిక్షణార్థి నాలుగేళ్ల పిల్ల ముందు చింతపిక్కలు పోసి, పిల్ల నోరు తెరవకముందే తానే ఒకటి, రెండు అంటూ లెక్కపెట్టేస్తుంటే, ఈవిడ వెనుక పీట మీద కూర్చుని రాసుకుంటూ ఉండిపోయారు. క్లాసు అయ్యాక ఆ అమ్మాయికి చూపించిన పేజీలో నిలువు గీతకు ఒక పక్క టీచరు మాటలు, రెండో పక్క పిల్ల మాటలు ఉన్నాయి. ఆ రెండో పక్క దాదాపు ఖాళీ. మర్నాడు అమ్మాయి పిక్కలు పోసి ఊరుకుంది. పిల్ల వాటిని పెద్దవీ చిన్నవీ వేరు చేసుకుని, కాసేపటికి తనంతట తానే లెక్కకు దిగింది. అంతసేపు ఆగడం ఒక టీచరుకు నేర్పాలంటే, నేర్పేవారు శిశు మనస్తత్వం, భాష, పరిశీలన పద్ధతులు ఏళ్ల తరబడి చదివి ఉండాలి.

ఇది చెన్నైకి తెలియని సంగతి కాదు. పసిపిల్లలకు తన పేరు మీదనే ఒక బోధన పద్ధతిని రూపొందించిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1939లో వచ్చి టీచర్లకు శిక్షణ ఇచ్చింది ఈ ఊళ్లోని అడయారులోనే. 1975లో అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం మొదలవడానికి ముందు, బడి ఈడు రాని పిల్లల గురించి కేంద్ర విద్యా సలహా మండలి వేసిన అధ్యయన బృందానికి నాయకత్వం వహించిన మీనా స్వామినాథన్ తర్వాత స్థిరపడిందీ ఈ ఊళ్లోనే. మన దుర్గాబాయమ్మ (దుర్గాబాయి దేశ్‌ముఖ్) 1937లో ఆంధ్ర మహిళా సభను స్థాపించిందీ ఇక్కడే. అంతటి ఊళ్లో ఒక ఆచార్యురాలు రిటైరైతే, ఆ పోస్టును భర్తీ చేయకుండా గెస్ట్ లెక్చరర్‌తో నెట్టుకొస్తారని, శిశువిద్య చదివి ఉండాలన్న నియమం కూడా సడలిస్తారని వింటున్నాం. ఇంటర్ కెమిస్ట్రీ పోస్టును ఇలాగే నింపితే తల్లిదండ్రులు రోడ్డెక్కరా? ఎల్‌కేజీ సీటుకు అప్పు చేసి మరీ ఫీజు కట్టేవారు కూడా బడిలో ఏసీ ఉందా అని అడుగుతారే గాని, టీచరమ్మ ఏం చదివారని అడగరు.

కాగితాల మీద లోటేమీ లేదు. ఆరేళ్లలోపు పిల్లల సంరక్షణ, విద్య ప్రభుత్వ బాధ్యతని 2002 నాటి 86వ సవరణతో రాజ్యాంగంలోనే రాసుకున్నాం. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆచరణ చూడబోతే, 2019లో ఈ రాష్ట్రంలో 2381 అంగన్‌వాడీల్లో ఎల్‌కేజీ, యూకేజీ పెట్టినప్పుడు అందులోకి ప్రాథమిక బడుల టీచర్లను దింపారు, 2022లో వారిని వెనక్కి పిలిచి తరగతులు ఎత్తేస్తామన్నారు, గొడవయ్యాక ఉంచుతామన్నారు. పసిపిల్లల టీచర్లను ముందుగా తయారుచేసుకోవాలన్న ఆలోచన ఉన్న శాఖ చేసే పనులేనా ఇవి?

ఆ పోస్టుకు ప్రకటన ఎప్పుడు ఇస్తారో, ఏ అర్హత అడుగుతారో మీ విలేకరి ఆ శాఖకు వెళ్లి కనుక్కుని, అదే పేజీలో అంతే చోటిచ్చి వేయగోరుతున్నాను. వివరాలు కావాలంటే ముఖ్య అతిథి గారు ఉండనే ఉన్నారు. ఈసారైనా వేళకు వస్తారేమో చూడండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయిని,
పెరంబూరు, చెన్నై