‘పరిష్కారమైంది’ అని మీరు మూసేసిన నా టికెట్ గురించి

కస్టమర్ సపోర్ట్ విభాగం అధిపతి గారికి,

విషయం: వర్చువల్ సర్వర్‌లో ప్రాసెస్‌ల పరిమితి, చదవకుండానే మూసేస్తున్న టికెట్లు

అయ్యా,

ఈ ఉత్తరానికి కూడా "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అనే ఆటోమేటిక్ జవాబే వస్తుందేమోనని అనుమానంగానే ఉంది. అయినా రాస్తున్నాను.

సర్వర్ ఆగినందుకు నాకు పెద్ద కోపం లేదు. యంత్రమన్నాక ఆగుతుంది. నేను పంపినదాన్ని మీలో ఒక్కరూ చదవలేదు, కోపమంతా దాని గురించే.

సంగతి చిన్నది. సైట్ మాటిమాటికీ పడిపోతోంది. కొత్త ప్రాసెస్ (నడిచే ప్రోగ్రామ్) మొదలుపెట్టబోతే ‘కెనాట్ అలొకేట్ మెమరీ’, అంటే మెమరీ ఇవ్వలేను, అంటోంది. ఫ్రీ కమాండ్ కొట్టి చూస్తే మెమరీ సగానికి పైగా ఖాళీ. ఒకే యంత్రాన్ని చాలామందికి పంచే ఓపెన్‌వీజెడ్ కంటైనర్ వాడేవాళ్లకి అప్పుడు ఎక్కడ వెతకాలో తెలుసు: కంటైనర్ వాడకమూ పరిమితులూ చూపే యూజర్ బీన్‌కౌంటర్స్ ఫైల్లో. చూశాను. ప్రాసెస్‌ల సంఖ్య చెప్పే నమ్‌ప్రాక్ వరుసలో మాక్స్‌హెల్డ్ (అత్యధికంగా వాడింది) 240, లిమిట్ 240, చివరన ఫెయిల్‌కౌంట్ (పరిమితి దాటబోయి విఫలమైన సార్లు) నేను చూస్తుండగానే పెరుగుతోంది. ప్రాసెస్ లోపల నడిచే థ్రెడ్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. డేటాబేసూ వెబ్ సర్వరూ కాస్త పని అందుకుంటే 240 ఏ మూలకి? ఆ వరుసను ఉన్నదున్నట్టు టికెట్‌లో పెట్టాను. ఈ పరిమితి కంటైనర్ లోపల్నుంచి నా చేతిలో లేదు, కంటైనర్లను నడిపే నోడ్ (మీ అసలు సర్వర్) మీద మీరే పెంచాలి అని కూడా రాశాను. ఇంతకంటే విడమరిచి చెప్పడం నాకు చేతకాదు.

మొదట చాట్‌లోకి వచ్చినాయన బ్రౌజర్ కాష్ క్లియర్ చేసి చూడమన్నారు. టెర్మినల్‌లో వస్తున్న ఎర్రర్ బాబూ, అన్నాను. అయితే వేరే బ్రౌజర్‌లో ప్రయత్నించండి అన్నారు. ఆయన ఓపికకు దణ్ణం పెట్టాలి.

తర్వాత వచ్చినావిడ నా ఎర్రర్‌లో ‘మెమరీ’ అన్న ఒక్క మాట పట్టుకున్నారు. పెద్ద ప్లాన్ తీసుకుంటే సరిపోతుందని గట్టిగా భరోసా ఇచ్చారు. ఆ మాట మీద డబ్బు కట్టాను. ర్యామ్ రెట్టింపయింది. నమ్‌ప్రాక్ లిమిట్ మాత్రం అదే 240! ఇదేమిటని అడిగితే అది టెక్నికల్ వాళ్లు చూడాలన్నారు. టెక్నికల్ వాళ్లేమో ప్లాన్‌కు సంబంధించినది కాబట్టి బిల్లింగ్‌ను అడగమన్నారు. బిల్లింగ్ వాళ్లు ఎంతో మర్యాదగా నన్ను మళ్లీ చాట్‌కే పంపారు. తిలా పాపం తలా పిడికెడు.

అసలు ఘనకార్యం ఆ తర్వాతిది. మీ సీనియర్ ఇంజనీరు ఒకరు, నాకు మాట మాత్రం చెప్పకుండా, పట్టపగలు సైట్ నడుస్తుండగా కంటైనర్ రీస్టార్ట్ చేశారు. రీస్టార్ట్ చేస్తే ఫెయిల్‌కౌంట్ మళ్లీ సున్నా నుంచి మొదలవుతుందని సీనియర్లకు నేను చెప్పాలా? ఆ సున్నాను చూసి తీరిగ్గా రాశారు: "పరిశీలించాం. ఫెయిల్‌కౌంట్ సున్నా ఉంది. మా వైపు ఏ లోపమూ లేదు. మీ దగ్గర ఆధారం ఉంటే స్క్రీన్‌షాట్ పంపగలరు." ఆధారం అదే టికెట్‌లో, ఆయన జవాబుకు సరిగ్గా పైనే ఉంది. కాస్త పైకి స్క్రోల్ చేస్తే కనిపించేది. నేను జవాబు రాసేలోపే టికెట్ మూసేశారు. మూసిన టికెట్‌కు రాస్తే కొత్త టికెట్ పుడుతుంది, కొత్త టికెట్ కాష్ క్లియర్ చేయమనే ఆయన దగ్గరికే వెళుతుంది.

మీ కంపెనీ పేరు ఎవరికీ తెలియని రోజుల్లో వచ్చినవాణ్ణి నేను. ఏడాది డబ్బు ముందే కట్టాను, ఏనాడూ ఆలస్యం చేయలేదు. నా క్లయింట్లను మీ దగ్గరే చేర్పించాను. ముందు చెప్పకుండా అర్ధరాత్రి నోడ్లు మార్చినప్పుడు కూడా కిమ్మనలేదు. అప్పట్లో మీ దగ్గర రాసింది చదివి జవాబిచ్చే మనిషి ఉండేవారు. ఇప్పుడు ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం’ అనే వాక్యం ఉంది. దాన్ని మించి ఎవరూ చింతిస్తున్నట్టు లేదు.

నమ్‌ప్రాక్ పెంచుతారో, మరో రకం వర్చువల్ సర్వరైన కేవీఎంలోకి మారుస్తారో మీ ఇష్టం. ఉత్త పుణ్యానికి అంటగట్టిన ఆ పెద్ద ప్లాన్ డబ్బు మాత్రం వెనక్కి రావాలి. వాటికంటే ముందు, టికెట్ చదివి మూసేవారెవరో ఒకరి పేరు చెప్పండి, నేరుగా వారికే రాస్తాను. ఈ ఉత్తరాన్ని కూడా మూసేస్తే చాట్ సంభాషణలన్నీ పేర్లు తీసేసి బయట పెడతాను, వినియోగదారుల ఫోరానికీ వెళతాను. నా సర్వర్లే కాదు, నా మాట మీద మీ దగ్గరికి వచ్చిన క్లయింట్ల సర్వర్లూ తీసుకుపోతాను. ఇది బెదిరింపు అనుకుంటే అలాగే అనుకోండి. బ్యాకప్‌లు తీయడం ఇప్పటికే మొదలైంది.

ఇట్లు,
ఇంకా డబ్బు కడుతున్న ఒక కస్టమర్

తా.క.: దయచేసి ఎవరూ కంటైనర్‌ను మళ్లీ రీస్టార్ట్ చేయకండి. చేసినా లాభం లేదు. బీన్‌కౌంటర్స్ ఫైలును క్రాన్ (చెప్పిన వేళకి తనంతట తానే పని చేసే ఏర్పాటు) పెట్టి గంటగంటకూ వేరే చోట దాస్తున్నాను.