మాలెవిచ్ రైతుల చేతుల్లో పని ఏమైంది?

రాఘవా,

నువ్వు పంపిన చిత్రం చూశాను. ముఖమే గీయకుండా వదిలేస్తే అది గొప్ప చిత్రం ఎలా అయిందని నిలదీశావు. దీనికి ఒక్క ముక్కలో జవాబు లేదు, కాస్త ఓపిగ్గా చదువు.

అది సోవియెట్ కాలపు చిత్రకారుడు కజిమిర్ మాలెవిచ్ 1930 ప్రాంతంలో వేసిన పసుపు చొక్కా మనిషి. విడిగా చూస్తే అంతు చిక్కదు. కోసిన రై (గోధుమ లాంటి ధాన్యం) పనలను రైతులు పోగుచేస్తున్నట్టు ఆయనే 1912లో వేసిన చిత్రాన్ని దాని పక్కన పెట్టు. అది ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో ఉంది. అందులోనూ మనుషులు అచ్చం మనుషుల్లా ఉండరు. తగరపు రేకు చుట్టి చేసినట్టు గుండ్రటి చేతులు, బిరుసైన దుస్తులు. అయినా ఆ వంగిన నడుముల్లో పనల బరువు నాకు స్పష్టంగా తెలుస్తుంది. పొలం పని దగ్గరగా చూడనివాడు అలా గీయలేడు. తండ్రి చక్కెర ఫ్యాక్టరీల్లో ఉద్యోగి కావడంతో మాలెవిచ్ ఉక్రెయిన్ పల్లెల్లోనే పెరిగాడు మరి!

మధ్యలో 1915లో నల్ల చతురస్రం వేసి మనిషినే చిత్రంలోంచి తీసేశాడు. 1920ల చివర మళ్లీ రైతుల దగ్గరికి వచ్చాడు. ‘పొలంలో అమ్మాయిలు’ చూడు: ముగ్గురు మనకెదురుగా నిటారుగా నిలబడ్డారు. ముఖాలు లేవు. వెనక పొలం రంగు చారలైపోయింది. కొడవలి లేదు, పన లేదు, వంగిన నడుము ఒక్కటీ లేదు.

ఈ ముఖాలు లేకపోవడాన్ని చాలామంది 1932-33 నాటి ఉక్రెయిన్ కరువుతో ముడిపెడతారు. లక్షల మందిని పొట్టన పెట్టుకున్న కరువు అది. కానీ ‘పొలంలో అమ్మాయిలు’ 1928-29 నాటిది, కరువు ఇంకా రాలేదు. సోవియెట్ ప్రభుత్వం రైతుల నుంచి ధాన్యాన్ని బలవంతంగా లాక్కోవడం, ఆ వెంటనే భూముల్ని సామూహిక క్షేత్రాల్లో కలపడం అప్పుడే మొదలయ్యాయి. అందుకే నేను ముఖాల కన్నా చేతులే చూడమంటాను. పొలం ఉంది, మనిషి ఉన్నాడు, ఆ ఇద్దరినీ కలిపే పని మాయమైంది. నా మనసును పిండేది అదే.

నీ పసుపు చొక్కా మనిషి వెనక ఎర్రటి ఇల్లుంది, దానికి కిటికీలు లేవు. చిత్రం వెనకవైపు మాలెవిచ్ శూన్యం, ఒంటరితనం, దారి లేని బతుకు అని రాసి, 1913 అని తేదీ వేశాడు. ఆ తేదీ నిజం కాదని పరిశోధకులు తేల్చారు. 1930లో ఆయన్ను అరెస్టు కూడా చేశారు. ఆ రోజుల్లో అలాంటి మాటలకు అసలు తేదీ వేయడం ఎంత ప్రమాదమో ఊహించు.

ఇప్పుడు రెండు చిత్రాలూ పక్కపక్కన పెట్టుకుని చూసి, వెంటనే జవాబు రాయి. నాతో పోట్లాడినా సరే.

నీ
శ్రీధర్