వృద్ధాశ్రమంలో భోజనం పెట్టేవారు బంతిలో కూర్చోండి

సంపాదకులకు నమస్కారం.

పుట్టినరోజుకో, పెద్దల తద్దినానికో వృద్ధాశ్రమంలో ఒక పూట భోజనం పెట్టించడం మన ఊళ్లలో బాగా పెరిగింది. సంతోషమే. కానీ బిర్యానీ పొట్లాలు, స్వీటు బాక్సులు తెచ్చి పంచి, ఫొటో దిగి వెళ్లిపోయే పద్ధతి మారాలి. ఆ పూట వంట ఆశ్రమం వంటగదిలోనే చేయించండి. వేళకు రండి. వాళ్ల పక్కన కూర్చుని అదే అన్నం తినండి.

ముందు వేళ సంగతి. షుగరు ఉన్నవారిలో చాలామంది భోజనానికి ముందే మాత్ర వేసుకుంటారు, కొందరికి అరగంట ముందు ఇన్సులిన్ ఇస్తారు. పన్నెండున్నరకు రావలసిన దాత రెండింటికి వస్తే ఈలోగా షుగరు పడిపోయి చెమటలు, వణుకు, తికమక మొదలవుతాయి. స్పృహలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. దాత రాలేదని వడ్డన ఆపే ఆశ్రమాలదీ తప్పే. ఇందులో మొహమాటం పనికిరాదు.

పళ్లు లేనివారు పలావు నమలలేరు. పక్షవాతం, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉన్నవారిలో చాలామందికి మింగడమే కష్టం. పలచటి చారు పోసిన పొడి అన్నం పెడితే నీరు ముందే జారి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, మెతుకులు నోట్లోనే ఉండిపోతాయి. గ్లాసు బియ్యానికి నాలుగు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా వండి, ముద్దపప్పుతోనో మెదిపిన సొరకాయ కూరతోనో కలిపి, నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో పెట్టాలి. ముద్ద మింగాకే ఇంకో ముద్ద. నోట్లో అన్నం ఉండగా మాట్లాడించకూడదు. తిన్నాక అరగంట దాకా పడుకోబెట్టకూడదు.

నలభై మందికి మూడున్నర కిలోల బియ్యం, కిలోంబావు కందిపప్పు, నాలుగు కిలోల కూరగాయలు, నాలుగు కిలోల పెరుగు చాలు. తీపి ఎవరికి పెట్టవచ్చో, ఉప్పు ఎవరికి తగ్గించాలో అక్కడి నర్సును అడగండి. రోడ్డు మీద నుంచి కొత్తగా తీసుకొచ్చిన మనిషి రోజుల తరబడి తిండి లేక ఉంటే ఆకలిగా ఉన్నాడు కదా అని కడుపు నిండా పెట్టేయకండి. రక్తంలో లవణాలు ఒక్కసారిగా పడిపోయి గుండెకు ప్రమాదం. డాక్టరు చెప్పినట్టు కొద్దికొద్దిగా పెంచాలి.

పెళ్లిలో మిగిలింది రాత్రి పదకొండుకు పంపడం ఇంకో సమస్య. వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగానో, 5 డిగ్రీల లోపు చల్లగానో ఉండాలి. గంటల తరబడి డేగిసాలో గోరువెచ్చగా ఉన్న అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. వయసులో ఉన్నవారికి రెండు వాంతులతో పోయేది ఎనభై ఏళ్లవారిని నీరసపరిచి ఆసుపత్రి దాకా తీసుకెళ్తుంది.

పక్కన కూర్చుని తినమనడం మర్యాద కోసం కాదు. మతిమరుపు జబ్బు ఉన్నవారు కంచం ముందు ఊరికే కూర్చుండిపోతారు, పక్కవారు ముద్ద కలపడం చూస్తే తామూ చెయ్యి కదుపుతారు. వాళ్లకు నాలుగు వంటకాలూ ఒకేసారి వడ్డిస్తే తికమకపడతారు కాబట్టి ఒకటి తిన్నాక ఇంకొకటి వెయ్యాలి. చూపు మందగించినవారి చెయ్యి పట్టుకుని "ఇటు పప్పు, అటు కూర బామ్మగారూ" అని తాకించి చూపాలి. చెయ్యి వణికేవారికి విస్తరి వద్దు, అంచు ఎత్తుగా ఉన్న బరువైన కంచం కావాలి. ఇవన్నీ నిలబడి పొట్లాలు పంచేవారికి కనిపించవు.

ఫొటో కావాలంటే వాళ్లను అడిగి తీయండి. పిల్లల ఆశ్రమాల్లోనైతే గుర్తుపట్టేలా ఫొటో ప్రచురించడం 2015 బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ కింద నేరం.

మహాలయ పక్షంలో, కార్తీకంలో ఒకే పూటకు ఇద్దరు ముగ్గురు దాతలు పోటీపడతారు, వండింది పారబోయాల్సి వస్తుంది. ఆషాఢంలో అడిగేవారుండరు. వారం ముందు ఫోన్ చేసి, ఖాళీగా ఉన్న తేదీ ఏదో అడిగి అది తీసుకోండి.

– వృద్ధాశ్రమాల్లో వంట, వడ్డన చూసే కార్యకర్తలు,
రాజమహేంద్రవరం