ఆదివారం కోరంగి వచ్చేవారికి: ఉప్పుపొన్నను చూడండి

సభ్యులకు నమస్కారం. కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవిలో తెల్లమడ, తిల్ల చెట్లు ఎటు చూసినా ఉంటాయి. మీరు మాత్రం కాలువ అంచున ఊడల్లాంటి వేళ్లపై నిలబడే ఉప్పుపొన్నను వెతకండి. మన గోదావరి మడ అడవుల్లో అది తక్కువ. గింజ చెట్టు మీదే మొలకెత్తి ములక్కాడలా వేలాడుతుంది. రాలితే బురదలో దిగుతుంది, లేదా సముద్రపు పోటుకు కొట్టుకుపోయి వేరేచోట పాతుకుంటుంది. కాబట్టి ఆ మొలకలను తెంపవద్దు. కుండీలో పెంచే సరదా అసలే వద్దు!

1978లో అభయారణ్యం ఏర్పడింది కనుక లోపల కొంత రక్షణ ఉంది. బయట రొయ్యల చెరువుకు గట్టు వేస్తే పోటునీరు ఆగి మడ ఎండుతుంది. అలాంటి చోట్ల చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి నీరు పారించాకే మొక్కలు నాటాలి. ఫొటోల కోసం నాటడంకన్నా నాకు ఆ తవ్వకమే గొప్ప.

ప్లాస్టిక్ సీసాలు తేవద్దు.