జాకీ మీద నిలిపిన కారు కిందికి వెళ్లవద్దు

సంపాదకుల వారికి, నమస్కారం.

పాత కార్లను కొని తెచ్చుకుని ఇంటి ముంగిట్లోనే సొంతంగా బాగుచేసుకునే అభిరుచి ఇప్పుడు మన శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోనూ కనిపిస్తున్నది. యాభై ఏళ్లు దాటిన వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకునేందుకు కేంద్ర ప్రభుత్వం 2021లో నియమాలు తెచ్చింది. కాగితాల సంగతి ఆ నియమాలు చూసుకుంటాయి గాని, ఆ కారు కింద వెల్లకిలా పడుకుని పనిచేసే మనిషి ప్రాణం సంగతి ఆ మనిషే చూసుకోవాలి. ఐటీఐలో మోటారు మెకానిక్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిగా ఈ ఒక్క విషయం మీ పాఠకులకు వివరంగా చెప్పాలని రాస్తున్నాను.

జాకీ ఉన్నది కారును ఎత్తడానికే తప్ప, ఎత్తిన కారును మోస్తూ ఉండడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలో కారు బరువంతా కాస్త నూనె మీద, ఆ నూనెను ఆపే ఒక చిన్న సీలు మీద ఆధారపడి ఉంటుంది. సీలు అరిగినా, దించే వాల్వులో ఇసుక రేణువంత మురికి ఇరుక్కున్నా, ఆ మర పూర్తిగా బిగియకపోయినా జాకీ దిగిపోతుంది. ఒక్కోసారి నెమ్మదిగా, ఒక్కోసారి ఉన్నపళంగా. డిక్కీలో ఇచ్చే మర జాకీకి నూనె బెడద లేకపోయినా, దాని పాదం ఇరుకు కాబట్టి బిగుసుకున్న బోల్టును గట్టిగా లాగినప్పుడు కారు కొద్దిగా కదిలినా అది పక్కకు ఒరుగుతుంది. దారిలో పంక్చరైన చక్రం మార్చుకోవడానికి ఇచ్చిన సాధనం అది. కాబట్టి కారును ఎత్తిన వెంటనే గట్టి చోటు చూసి రెండు వైపులా బరువు మోసే ఇనుప స్టాండ్లు పెట్టి, బరువును వాటి మీదికి దించి, జాకీని కూడా తీసేయకుండా ఆనీఆనకుండా అక్కడే ఉంచాలి. విప్పిన చక్రాన్నో స్టెప్నీనో తలుపుల కింద ఉండే పక్క అంచు (సిల్) కిందికి తోసి ఉంచితే, ఏదైనా జారినా కారుకూ నేలకూ మధ్య మనిషి పట్టేంత సందు మిగులుతుంది. ఆ తరువాత కారును చేతులతో గట్టిగా ఊపి చూసి, కదలదని నమ్మకం కలిగాకనే తలను కారు కింద పెట్టాలి.

స్పోర్ట్స్ కార్ల విషయంలో మరికొంత జాగ్రత్త అవసరం. మా పట్టణంలో ఒక యువకుడు ఎం.జి.బి. అనే రెండు సీట్ల బ్రిటిష్ కారును ఎంతో ప్రేమగా బాగుచేసుకుంటున్నాడు. 1962 నుంచి 1980 వరకు తయారైన ఆ కారు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది కనుక మామూలు ట్రాలీ జాకీ (చక్రాల మీద కదిలే జాకీ) కిందికి దూరకపోవచ్చు. అలాంటప్పుడు ముందుగా చక్రాలను రెండంగుళాల మందం పలకల మీదికి ఎక్కించుకోవాలి. దానికి విడిగా ఛాసిస్ (అడుగు ఇనుప చట్రం) లేదు, బాడీయే బరువు మోస్తుంది. కంపెనీ జాకీని పక్క సిల్ దగ్గరున్న గొట్టంలో దూర్చి ఎత్తేవారు గాని, యాభై ఏళ్ల తుప్పు పట్టిన సిల్ ఈనాడు ఆ బరువుకు ఆగుతుందని నమ్మలేము. కళింగపట్నం, బారువ వంటి తీర గ్రామాల ఉప్పుగాలిలో ఉన్న కారైతే పైన రంగు మెరుస్తున్నా లోపల రేకు పొడిపొడిగా ఉండవచ్చు. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడడం ఉత్తమం. ముందు భాగాన్ని, ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే క్రాస్ మెంబర్ నడిమధ్యన ఎత్తి, దాని వెనక పొడవునా ఉన్న ఇనుప దూలాల కింద స్టాండ్లు పెట్టాలి. వెనక భాగాన్ని, రెండు వెనక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ పెట్టె (హౌసింగ్) కింద ఎత్తి, యాక్సిల్ గొట్టానికి కమాను కట్టల దగ్గర స్టాండ్లు పెట్టాలి. అక్కడ వెళ్లే బ్రేకు పైపు నలగకుండా చూడాలి. ఇంజను నూనె చట్టి కింద జాకీ ఎన్నడూ పెట్టరాదు.

మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, దాని ఛాసిస్‌నే కురచ చేసి ఇంగ్లండులో కట్టిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కార్లకు ఇంకో లక్షణం ఉంది. ఎత్తినప్పుడు వాటి వెనక చక్రాల అడుగులు లోపలికి ముడుచుకుంటాయి. దించిన తరువాత కూడా అలాగే ఉండి, వెనక భాగం ఎత్తుగా నిలబడుతుంది. స్ప్రింగు పాడైందని కంగారుపడనక్కరలేదు, నాలుగడుగులు ముందుకూ వెనక్కూ నెడితే సర్దుకుంటుంది.

చాలామంది హ్యాండ్ బ్రేకును నమ్ముకుంటారు. ఈ పాత కార్లలో అది వెనక చక్రాలనే పట్టుకుంటుంది కాబట్టి, వెనక భాగాన్ని పైకెత్తాక ముందు చక్రాలను ఆపేది ఏదీ ఉండదు. గేరులో ఉంచినా, వెనక ఒక్క చక్రం నేల వదిలితే డిఫరెన్షియల్ వల్ల రెండోది తిరగగలదు. నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టడం ఒక్కటే మార్గం. ట్రాలీ జాకీ చేయి పైకి లేచేటప్పుడు కొంచెం వంపుగా వెళుతుంది గనుక జాకీ తన చక్రాల మీద కదలగలగాలి. అది మట్టిలోనో బండల సందులోనో ఇరుక్కుంటే కారును పక్కకు లాగుతుంది.

మన ఇళ్లలో సమస్య ఎక్కువగా నేలదే. మట్టి ముంగిలిలో, వాన వెలిసిన మర్నాడు, స్టాండు కాళ్లు ఒక్కొక్కటి ఒక్కో లోతుకు దిగిపోతాయి. కనుక మందపాటి ప్లైవుడ్ పలకో ఇనుప పలకో అడుగున వేయాలి. ఎండకు మెత్తబడిన తారు రోడ్డు మీద కూడా అంతే. ఇటుకలు, బోలు సిమెంటు దిమ్మలు ముందస్తు పగులేమీ చూపకుండానే చితికిపోతాయి. టెక్కలి ప్రాంతంలో గ్రానైటు ముక్కలకు కొదవలేదు గాని, నునుపు రాతి మీద ఇనుము జారుతుంది. గుండ్రని తాటి దుంగ దొర్లుతుంది. స్టాండ్లు లేనివారు ఆ రోజు పని మానుకోవడమే మంచిది.

కొన్న స్టాండ్లు కూడా నాణ్యమైనవై ఉండాలి. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ తాను అమ్మిన స్టాండ్లలో కొన్ని రకాలను, ఎత్తును నిలిపే పళ్లు సరిగా పట్టుకోక జారిపోయే ప్రమాదం ఉందని వెనక్కు తీసుకోవలసి వచ్చింది. పళ్ల రకం కంటే, కన్నంలో అడ్డంగా లావుపాటి పిన్ను దూర్చే రకాన్ని నేను ఇష్టపడతాను. పిన్ను పూర్తిగా దిగిందో లేదో కంటికి కనిపిస్తుంది.

మోటారు విడిభాగాల దుకాణదారులకు నా విన్నపం ఏమిటంటే, జాకీ అమ్మేటప్పుడు స్టాండ్ల జత కూడా చూపించండి. జాకీ మీద ఇంగ్లీషులో అచ్చయిన హెచ్చరికను తెలుగులో ఒక కాగితం మీద వేసి చేతికివ్వండి. రెండు జిల్లాల ఐటీఐలు ఏడాదికొకసారి ఒక పూట వర్క్‌షాపు తలుపులు తెరిచి, సొంత వాహనం ఉన్నవారికి ఈ పని చేసి చూపించవచ్చు. ఆ తెలుగు కాగితానికి కావలసిన వివరాలు, బొమ్మలు రాసి ఇవ్వడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
విశ్రాంత ఐటీఐ బోధకుడు,
శ్రీకాకుళం