కాన్పుకి వెళ్తే కొలువు పోవాలా?

సంపాదకులకు నమస్కారం.

నేను ఒక విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్రం చెప్పే పార్ట్‌టైమ్ అధ్యాపకురాలిని. పీరియడ్‌కు ఇంతని జీతం. రెండేళ్ల కిందట, ఏడో నెలలో ఉండగా విభాగంలో పిలిచి, ‘నీ క్లాసులు వేరేవాళ్లకు సర్దేశామమ్మా, కాన్పయ్యాక చూద్దాం’ అన్నారు. పాపకు నాలుగో నెల రాగానే వెళ్తే నా చోట ఇంకొకరున్నారు. కొత్త విద్యాసంవత్సరం మొదలయ్యేదాకా ఇంట్లోనే ఉండిపోయాను. ప్రసూతి సెలవు సంగతి అడిగితే, పీరియడ్ లెక్కన పనిచేసేవాళ్లకు అవేమీ ఉండవన్నారు.

చట్టం అలా అనలేదు. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. రోజుకూలీ మహిళలకూ ఈ హక్కు ఉందని ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. కాంట్రాక్టు గడువు ముగిసిందని ప్రయోజనం ఆపకూడదని 2023 ఆగస్టులో ఒక కాంట్రాక్టు డాక్టరు కేసులో తీర్పిచ్చింది. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల్లో పీహెచ్‌డీ చేసే అమ్మాయికి 240 రోజుల దాకా ప్రసూతి సెలవుంది. ల్యాబులో ఉన్నన్నాళ్లూ నాకున్న ఆ హక్కు, పక్క గదిలో పాఠం మొదలుపెట్టగానే ఎటు పోయింది?

డబ్బు ఒక్కటే పోయుంటే సర్దుకునేదాన్ని. అసలు దెబ్బ అనుభవం మీద పడింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టుకు బోధనానుభవంలో ఏడాదికి 2 మార్కులు, మొత్తం 10 దాకా ఇస్తారు. ఏడాది నిండకపోతే ఆ మేరకు కోత. మా ఆయనదీ ఇదే సబ్జెక్టు, వేరే చోట ఇలాంటి ఉద్యోగమే. ఆ ఏడాది ఆయనకు పూర్తిగా లెక్కకొచ్చింది, నాకు సగం కూడా రాలేదు. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ‘పాప చిన్నది కదా, క్లాసులకు ఎలా వస్తావు?’ అని నన్నడిగారు. ఆయన వెళ్లిన ఏ ఇంటర్వ్యూలోనూ పాప ఊసే రాలేదు.

కణాల్లో శక్తి తయారీకి తోడ్పడే సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ పాఠం వచ్చినప్పుడు, అది మొక్కల్లోనూ ఉందని చూపిన జీవరసాయన శాస్త్రవేత్త కమలా సోహోనీ గురించి తప్పకుండా చెబుతాను. 1933లో ఆడపిల్ల అన్న కారణంతోనే అప్పటి డైరెక్టర్ సి.వి.రామన్ ఆమెకు బెంగళూరు ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో ప్రవేశం కాదన్నారు. ఆమె పట్టువదలకపోతే మొదటి ఏడాది ప్రొబేషన్ అని షరతు పెట్టి చేర్చుకున్నారు. 1939లో ఆమె కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ అందుకున్నారు. ‘ఇప్పుడలా లేదు కదా మేడమ్’ అని ఈ మధ్య ఒక అమ్మాయి అడిగింది. మా క్లాసులో సగానికి పైగా అమ్మాయిలే. ఏం చెప్పాలో తోచక పాఠంలోకి వెళ్లిపోయాను.

పర్మినెంట్ పోస్టులు భర్తీ కానంతకాలం తరగతులు మాలాంటివాళ్లతోనే నడుస్తాయి. అందుకే ఉన్నత విద్యామండలినీ వైస్‌చాన్సలర్లనూ కోరుతున్నాను. గెస్ట్, పార్ట్‌టైమ్, కాంట్రాక్టు పేరేదైనా, నియామక ఉత్తర్వులోనే ప్రసూతి సెలవు రాయండి. ఆ నెలల్ని బోధనానుభవంగా లెక్కించండి. ఇంటర్వ్యూలో పెళ్లి, పిల్లల ప్రశ్నలు అడగొద్దని బోర్డు సభ్యులకు రాతపూర్వకంగా చెప్పండి. వచ్చే నెల మా రెన్యువల్ ఉత్తర్వులు రావాలి. మా విభాగంలో మరో అమ్మాయికి ఇప్పుడు ఐదో నెల.

– ఒక పార్ట్‌టైమ్ అధ్యాపకురాలు, హైదరాబాద్